నలుగురూ చూస్తుండగా పోయిన సైకిలు

తాళాలక్కకు జైలుకు వెళ్ళాలని మహా ఆత్రంగా ఉండేది. ఈ ముక్క మొదటిసారి విన్నవాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆమె మాత్రం సినిమా టికెట్టు దొరుకుతుందో లేదో అన్నంత మామూలుగా, "ఈసారి నన్ను లోపల వేసుకుంటారంటావా?" అని కనబడినవాళ్ళందరినీ అడిగేది.

కంగారేమీ లేదు. ఆమె యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. నేరశాస్త్రం, సామాజిక మనస్తత్వశాస్త్రం రెండూ కలిపి చదివే డిగ్రీ. మనిషి తప్పు ఎందుకు చేస్తాడు, చుట్టూ ఉన్న నలుగురూ అతన్ని ఎటు లాగుతారు అన్న రెండు ప్రశ్నల్నీ విడదీయకుండా ఒకేచోట నేర్పే కోర్సు అది. అంత పొడవు పేరు పలికే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక "దొంగల చదువు" అని ఖాయం చేసేశారు. రెండో ఏడు చివర్లో విద్యార్థులు జట్లుగా వీధిలోకి వెళ్ళి సొంతంగా ఒక ప్రయోగం చేసి, దాన్ని అందరి ముందూ వివరించాలి. వాటిలో ఒక్క జట్టును, పాఠాలు చెప్పే మేడమ్ తన జైలు అధ్యయనంలోకి తీసుకుంటారు. ఆ జట్టు జైలు లోపల కూర్చుని, శిక్ష పడినవాళ్ళతో తీరిగ్గా మాట్లాడవచ్చు. ఒకే ఒక్క జట్టు. తాళాలక్క ప్రాణమంతా దానిమీదే ఉంది.

ఆమె అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. బస్టాండు పక్క సందులో తాళాలు బాగుచేసే కొట్టు వాళ్ళది. నాన్న ముందు కూర్చుంటే ఆమె వెనక నిలబడాలి, ఆమె ముందుకు రావాలంటే నాన్న లేవాలి. అంత కొట్టు. పెళ్ళయ్యాక కూడా అక్కడే పని. భర్తది ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే కాబట్టి ఈ కథలో ఆయన్ని లేపనక్కర్లేదు.

ఒకరోజు కొట్టుకు ఒకాయన వచ్చాడు. శుభ్రమైన బట్టలు, మెత్తటి మాట. సబ్బుబిళ్ళ మీద వేసిన తాళంచెవి అచ్చు చూపించి, అలాంటిది ఒకటి చేసిపెట్టమన్నాడు. సబ్బు మీద అచ్చు తెచ్చినవాడికి ఎంతిచ్చినా చేయకూడదన్నది నాన్న మొదటి రోజే నేర్పిన పాఠం. సొంత ఇంటి తాళంచెవి ఉన్నవాడికి సబ్బుతో ఏం పని? ఆమె కుదరదంది. అతను గొడవపడలేదు. సిగ్గుపడినట్టు నవ్వి వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో ఆమెకు అతని వెంట పరిగెత్తాలనిపించింది. పట్టుకోవడానికి కాదు, అడగడానికి. బాబూ, ఎవరింటికి? ఎందుకు? ఇలా చేద్దామని ఎప్పుడనుకున్నావు? ఇంట్లో ఎవరికైనా తెలుసా? కానీ చేతిలో ఇంకొకరి తాళంచెవి ఆకురాయితో సగం రాకి ఉంది, అవతల వాళ్ళు తొందరపెడుతున్నారు. అడగలేకపోయిన ఆ ప్రశ్నలు ఆమెను చాలాకాలం నిలవనీయలేదు.

అలాంటి రోజుల్లో యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది, ఒక క్లాసుగది వెనక తలుపు తాళం బిగుసుకుపోయిందని. వెళ్ళి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. లోపల మేడమ్ పాఠం చెబుతున్నారు. రోడ్డు మీద ఒక మనిషి కళ్ళు తిరిగి పడిపోతే, చూసినవాడు ఒక్కడే అయితే ఏం చేస్తాడు, పదిమందైతే ఏం చేస్తారు అని. పదిమంది ఉన్నచోట ప్రతివాడూ పక్కవాడు వెళ్తాడులే అనుకుంటాడట. పక్కవాడు కదలకపోతే, అంత ప్రమాదమేమీ లేదు కాబోలు అని సర్దుకుంటాడట. తాళం ఎప్పుడో ఊడివచ్చింది. ఆమె మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని, నోరు తెరుచుకుని, గంట కొట్టేదాకా అలాగే కూర్చుంది.

మేడమ్ బయటికొచ్చి, "ఇంకా అవలేదా అమ్మా?" అన్నారు.

"తాళం అయిపోయింది మేడమ్. మీరు చెప్పేదే సగంలో ఆగింది. ఆ పడిపోయినవాడు చివరికి ఏమయ్యాడు?"

మేడమ్ పకపకా నవ్వి, దరఖాస్తు ఎక్కడ ఇస్తారో చెప్పారు. మనిషన్నాక చదువు మీద మోజు పడటం ఉంటుంది గానీ, తలుపు సందులోంచి విని మోజుపడినవాళ్ళు ఈవిడ ఒక్కర్తే అయుంటుంది.

చేరాక ఇంట్లో అందరి ప్రాణం తీసింది. కూతురు పాలగిన్నెలోంచి కాస్త మీగడ ఎక్కువ తిన్నా, "తిన్నందుకు కాదు, తినే ముందు నీకేమనిపించిందో చెప్పు" అని కూర్చునేది. కూతురు తాతయ్యతో మొరపెట్టుకునేది. "తాతయ్యా, అమ్మకి రెండు తగిలించమని చెప్పు, ఈ ప్రశ్నలకంటే అదే నయం." తాతయ్య చెవులు తాళాల గలగలకు ఎప్పుడో మొద్దుబారాయి కాబట్టి ఆయనకు ఏ బాధా లేదు. ఆమెకైతే రోజూ కొత్తగానే ఉండేది. బస్సు దగ్గర జనం క్యూ ఎందుకు పాటిస్తారు, క్యూ ఎందుకు తోసేస్తారు, ఒకడు తోస్తే మిగతావాళ్ళు ఎవరి మొహం చూస్తారు అని అన్నీ గమనించేది. ఇన్నేళ్ళూ కొట్టు ముందు ఊరికే తిరిగిన మనుషులు ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో పాఠంలా కనబడేసరికి ఆమెకు కాలు నిలిచేది కాదు. వయసు మరిచిపోయి మెట్లు రెండేసి ఎక్కేది.

జట్టులో ఆమెతో పాటు ముగ్గురు, అందరూ కూతురికి అక్కాఅన్నల వయసు. ఏం చెప్పినా "అది కాదక్కా" అని మొదలుపెట్టే నసగాడు. తల ఎత్తకుండా గబగబా రాసే కళ్ళద్దాల పిల్ల. ఎక్కడ నిలబడినా అందరికీ కనబడే కుర్రాడు, అందరూ పిలిచేది పొడుగు అనే. ప్రయోగం ఆలోచన మాత్రం తాళాలక్కదే. మార్కెట్ గేటు పక్కన సైకిలు స్టాండులో గొలుసు వేసిన సైకిలు ఒకటి పెట్టాలి. పట్టపగలు, జనం తిరుగుతుండగా, పొడుగు వచ్చి ఆక్సాబ్లేడుతో ఆ గొలుసు కోయాలి. ఎవరైనా ఆపుతారా? ఆపకపోతే ఎటు చూస్తారు? మిగతా ముగ్గురూ మూడు చోట్ల కూర్చుని, ఒకరికొకరు సైగ కూడా చేసుకోకుండా, చూసింది చూసినట్టు రాయాలి. రెండో విడతలో దొంగ మారతాడు. పొడుగు వాళ్ళ బాబాయి ఇస్త్రీ బట్టల్లో వచ్చి అదే పని చేస్తాడు. బట్టలు మారితే జనం తీరు మారుతుందా అన్నది చూడాలి. గొలుసు తెగగానే సైకిలును అక్కడే వదిలి వెళ్ళిపోవాలన్నది షరతు. ఆ బాబాయిని మిగతా ముగ్గురూ అంతకుముందు చూసిందే లేదు.

మేడమ్ ముందుజాగ్రత్తలన్నీ చేయించారు. పోలీసుస్టేషన్‌లో చెప్పించారు, మార్కెట్ వాచ్‌మన్‌కు చెప్పించారు. జనం నిజం అనుకుని కుర్రాణ్ణి చితకబాదితే ఎవరు సమాధానం చెబుతారు? సైకిలు నాన్నది. కొట్టుకు రాకపోకలకు ఆయన తొక్కేది. ఇవ్వడానికి కాస్త నసిగాడు గానీ, కూతురి జైలు ముచ్చట కాదనలేకపోయాడు.

మొదటి విడత అద్భుతంగా సాగింది. పొడుగు చెమటలు కక్కుతూ బ్లేడుతో కోస్తుంటే జనం పక్కనుంచి పోతూనే ఉన్నారు. ఒకాయన ఆగి, "తాళంచెవి పోయిందా?" అని జాలిపడి గొలుసు బిగించి పట్టుకున్నాడు. ఇంకొకాయన, "బ్లేడు అలా కాదయ్యా, వంకరగా పోనిచ్చి విరిచేస్తావ్" అని చేసి చూపించాడు. దొంగకు శిక్షణ ఉచితం! బెంచీ మీద తాళాలక్క ఒళ్ళు పులకరించిపోతూ రాసుకుంటోంది. తలుపు సందులోంచి విన్న పాఠం కళ్ళముందు నడిచి వెళ్తుంటే ఎవరికి మాత్రం ఆనందం ఆగుతుంది? గొలుసు తెగింది. పొడుగు సైకిలు వదిలేసి, తనను ఎవరూ గుర్తుపట్టకుండా మార్కెట్ వెనక్కి వెళ్ళిపోయాడు. కళ్ళద్దాల పిల్ల ఏమీ ఎరగనట్టు వచ్చి కొత్త గొలుసు వేసి పోయింది.

కాసేపటికి ఇస్త్రీ చొక్కా ఒకాయన వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. సంచీలోంచి పెద్ద కట్టర్ తీసి ఒక్క నొక్కు నొక్కాడు, గొలుసు కింద పడింది. పక్కన స్కూటరు అడ్డంగా ఉంటే వాచ్‌మన్ పరుగున వచ్చి దాన్ని జరిపి దారిచ్చాడు. ఇస్త్రీ చొక్కా ఆయనకు తలూపి, సైకిలెక్కి, తాపీగా తొక్కుకుంటూ మలుపు తిరిగాడు.

ఏం చేశాడు, ఏం చేశాడు! ఎంత సహజంగా ఉంది! "బట్టలు శుభ్రం. కంగారు లేదు. ఆపినవారు లేరు. సాయం చేసినవారు ఒకరు" అని తాళాలక్క రాసింది. రాస్తూ రాస్తూ తలెత్తింది. సైకిలెక్కి వెళ్ళడం షరతులో లేదే? పక్కకు చూసింది. టీ బండి దగ్గర నసగాడు రాసుకుంటున్నాడు. మెట్ల మీద కళ్ళద్దాల పిల్ల రాసుకుంటోంది. వాళ్ళు కదలట్లేదంటే అంతా సవ్యంగానే ఉండుంటుంది. ఆమె మళ్ళీ తల దించి ఇంకో వాక్యం రాసింది.

ఆ వాక్యం పూర్తవుతుండగా పొడుగు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పక్కన ఒగరుస్తూ, చెమటకు తడిసిన ఇస్త్రీ చొక్కాలో ఒక పెద్దమనిషి.

"బస్సు ఆలస్యమైందమ్మా, ఏమనుకోకండి" అన్నాడాయన. "ఆ సైకిలేదో చూపిస్తే మొదలెట్టేస్తాను."

ముగ్గురూ మూడు దిక్కులకు పరిగెత్తారు. ఏ దిక్కునా సైకిలు లేదు. వాచ్‌మన్‌ను పట్టుకుంటే ఆయన ఎదురు తిరిగాడు. "అదేంటమ్మా, మీవాడేగా! ఎవరైనా వచ్చి గొలుసు కోస్తే అడ్డుపడొద్దని మీరే చెప్పారుగా. పెద్దమనిషి ఇబ్బంది పడుతున్నాడని స్కూటరు కూడా జరిపాను!"

స్టేషన్‌లో కానిస్టేబుల్ మరీ చిక్కు. "మొన్న వచ్చింది మీరేగా? సైకిలు పోయినట్టుంటుంది గానీ పోదు, పట్టించుకోవద్దు అన్నారు."

"ఇప్పుడు నిజంగానే పోయింది సార్."

ఆయన ఆమె మొహాన్నీ, వెనక నిలబడ్డ ముగ్గురి మొహాల్నీ మార్చి మార్చి చూసి, "ఇది కూడా ప్రయోగంలో భాగమా? నన్ను రాసుకుంటున్నారా?" అని టోపీ సర్దుకున్నాడు. తాళాలక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంటికెళ్ళి నాన్న ముందు నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మొదట మండిపడ్డాడు. "ఊళ్ళో వాళ్ళ ఇళ్ళన్నిటికీ తాళాలు బిగించాను. నా సైకిలు నా కూతురే దగ్గరుండి సాగనంపిందన్నమాట!" కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా ఇటు తిరిగాడు. "అయితే ముగ్గురూ... వాడు తొక్కుకుంటూ పోతుంటే... రాసుకుంటూ కూర్చున్నారా?"

"అవును నాన్నా."

"వాచ్‌మనేమో దారిచ్చాడు?"

"స్కూటరు జరిపి మరీ."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కూతురొచ్చి తాతయ్య వీపు రాస్తూ తనూ నవ్వింది. "అమ్మా, మీగడ తింటే మాత్రం పట్టేస్తావు!"

కానీ మర్నాడు జట్టులో నవ్వు లేదు. రెండో విడత సంగతి ఎత్తకుండా మొదటి విడత ఒక్కటే చూపిద్దామన్నాడు నసగాడు. "అది కాదక్కా, మొదటిది చక్కగా వచ్చింది. రెండోది చెప్పామంటే హాలంతా మన మీద పడి నవ్వుతుంది. దొంగని కళ్ళారా చూసి వదిలేసినవాళ్ళని మేడమ్ జైలుకి తీసుకెళ్తారా? నీ సీటు నువ్వే పోగొట్టుకుంటావ్." అతను అన్నది తప్పేమీ కాదు. అవతలి జట్లు అందంగా పటాలు గీసుకుని సిద్ధంగా ఉన్నాయి. అంత ఆశపడ్డ జైలు గేటు దగ్గరదాకా వచ్చి మూసుకుపోతుందేమో.

సాయంత్రం కొట్టులో ఈ మాటే నాన్నతో అంది. ఆయన రాకుతున్న తాళంచెవి మీంచి కళ్ళు తీయకుండా, "దాచేస్తే నా సైకిలు ఊరికే పోయినట్టే కదమ్మా" అన్నాడు. అంతే.

తెల్లారి జట్టుతో పోట్లాడింది. గట్టిగానే పోట్లాడింది. "మనం చదివేదేంటి? నలుగురు చూస్తుంటే ఎవడూ ఎందుకు లేవడు అని. మనమే లేవలేదురా! ఇంతకంటే మంచి ఫలితం ఎవరి దగ్గరుంది?" కళ్ళద్దాల పిల్ల మొదటిసారి తలెత్తి, "నాక్కూడా అనుమానమొచ్చిందక్కా. నువ్వు రాసుకుంటున్నావని ఊరుకున్నా" అంది. నసగాడు నేల చూస్తూ, "నేను మీ ఇద్దర్నీ చూసి" అన్నాడు. పొడుగు మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు, తను వెనక ఉన్నందుకు.

అలా హాల్లో అందరి ముందూ నిలబడ్డారు. నసగాడు చెప్పినట్టే జరిగింది. వాచ్‌మన్ స్కూటరు జరిపాడనగానే బల్లలు చరిచి నవ్వారు. కానిస్టేబుల్ టోపీ దగ్గరికొచ్చేసరికి కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. మేడమ్ నవ్వలేదు.

"నిజం చెప్పు" అన్నారు తాళాలక్కతో. "అతను సైకిలెక్కినప్పుడు లేవాలనిపించలేదా?"

"అనిపించింది మేడమ్. వాళ్ళిద్దర్నీ చూశాను. ఎవరూ లేవట్లేదు కదా అని నేనూ లేవలేదు." హాలు కాస్త సద్దుమణిగింది. "పాఠం మొత్తం నాకు నోటికొచ్చు. ఆ పూట అది రాసుకుంటూనే ఉన్నాను. అయినా కూర్చునే ఉన్నాను."

"మరి మిమ్మల్ని జైలుకు ఎందుకు తీసుకెళ్ళాలి?"

దీనికి ఆమె ఏమీ సిద్ధం చేసుకోలేదు. "అక్కడికెళ్ళి మనం అడిగేది ఒక్కటే కదా మేడమ్, ఆ పూట నువ్వెందుకలా చేశావు అని. ఎందుకో నాకే తెలీదు అని వాళ్ళంటే, ఇదివరకైతే అబద్ధం అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. కూర్చుని వింటాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేడమ్ తలూపి తర్వాతి జట్టును పిలిచారు. ఆ జట్టు పటాలు నిజంగానే బాగున్నాయి. తాళాలక్క వెనక వరసలో కూర్చుని, కొట్టులో మిగిలిపోయిన పనుల గురించి ఆలోచించడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

అంతా అయ్యాక వరండాలో మేడమ్ ఎదురయ్యారు. నడుస్తూనే అన్నారు. "ఫోన్లు లోపలికి రానివ్వరు. ఇనుప వస్తువులు అసలే రానివ్వరు, నీ సంచీ కొట్లోనే వదిలెయ్. సోమవారం పొద్దున నలుగురూ గేటు దగ్గర ఉండండి."

"ఏ గేటు మేడమ్?"

మేడమ్ వెనక్కి తిరిగి చూశారు. పొడుగు అప్పటికే కేక పెట్టాడు. నసగాడు "అది కాదక్కా, మనకే! మనకే వచ్చింది!" అని ఆమె భుజాలు పట్టి ఊపేస్తున్నాడు. కళ్ళద్దాల పిల్ల అద్దాలు తీసి తుడుచుకుంటోంది. తాళాలక్కకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మెట్లు మూడేసి దిగింది. ఈ వయసులో మెట్లు అలా దిగితే మోకాళ్ళు ఏమవుతాయో ఆలోచించే తీరిక లేదు.

బస్సు కిక్కిరిసి ఉంది. కమ్మీ పట్టుకుని నిలబడి నాన్నకు ఫోన్ చేసింది. "వచ్చింది నాన్నా" అని మాత్రం అనగలిగి, ఫోన్ పెట్టేసి, బస్సు మధ్యలో భోరున ఏడ్చేసింది. సంతోషం అలా వరదలా వస్తుందని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు. ఆపుదామంటే ఆగదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకసారి చూశారు. తర్వాత ఒకరు కిటికీలోకి, ఒకరు ఫోన్లోకి, ఒకరు కండక్టరు వైపు తిరిగారు. ఏడుస్తూనే ఆమె అదంతా గమనించింది. పాడు చదువు, ఏడుపు కూడా సుఖంగా ఏడవనివ్వదు!

అప్పుడు వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ లేచింది. చేతిలో కూరగాయల సంచీ, మోకాళ్ళలో నొప్పి ఉన్నట్టుంది. బస్సు కుదుపులకు సీటు సీటూ పట్టుకుంటూ, దారిలో నిలబడ్డవాళ్ళను "జరగండి, కాస్త జరగండి" అని తోసుకుంటూ ఆమె దగ్గరదాకా వచ్చింది.

"ఏమైంది తల్లీ? ఎవరికైనా బాలేదా? ఎక్కడ దిగాలి నువ్వు?"

"ఏం కాలేదు పెద్దమ్మా. మంచి కబురే. సంతోషం పట్టలేక" అంది తాళాలక్క, ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ.

"హమ్మయ్య" అని పెద్దావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "హడలగొట్టావు కదమ్మా."

తాళాలక్క ఆవిడ మొహంలోకి చూసింది. అడగకుండా ఉండటం ఆమె వల్ల ఏనాడూ కాలేదు, ఇప్పుడు మాత్రం ఎలా అవుతుంది? "బస్సులో ఇంతమంది ఉన్నారు కదా పెద్దమ్మా. మీరే ఎందుకు లేచారు?"

పెద్దావిడకు ప్రశ్నే వింతగా తోచింది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఎవరూ లేవట్లేదు కదమ్మా, అందుకే" అంది.

తాళాలక్క ఆవిడ చేతిలోంచి సంచీ అందుకుని, ఆవిడను సీటు దగ్గరికి తీసుకెళ్దామని వెనక్కి తిరిగింది. అక్కడ అప్పటికే ఎవరో కూర్చున్నారు. ఇద్దరూ ఒకే కమ్మీ పట్టుకుని, పెద్దావిడ దిగే స్టాపు వచ్చేదాకా నిలబడే వెళ్ళారు.